విమానానికి తూర్పు గాలి

మోత్కూర్ పక్క ఊళ్లో కందులు తూర్పార పట్టే రోజుల్లో సైదమ్మ కోసం కబురు వచ్చేది. గాలి ఆడకపోతే ఆమె కల్లంలో నిలబడి, దూడను పిలిచినట్టు "రా బిడ్డా, రా" అనేది. గాలి వచ్చేది. ఆమె నిలబడినంతసేపూ వీచి, కూర్చోగానే ఆగిపోయేది. పిలిపించుకున్నవాళ్లు ఓ చాటెడు కందులు పెట్టి పంపేవాళ్లు.

ఆ మాఘంలో ఆమె పెనిమిటి ఐలేశం లోడు తీసుకుని అస్సాం పోయి, గౌహతి దగ్గర లారీ బోల్తా పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. అక్కడ చేసేదేమీ లేదని, హైదరాబాద్ తీసుకుపొమ్మని డాక్టర్లన్నారు. రోడ్డు మీద మూడు రోజులు. అంతవరకు ప్రాణం ఆగదు.

మరిది గిరి అరవై గొర్లనూ అమ్మేసి, వదినను వెంటబెట్టుకుని బేగంపేటలో విమానాలు కిరాయికిచ్చే ఆఫీసుకు పోయాడు. గ్లోరీ అనే అమ్మాయి కాగితం మీద గీసి చెప్పింది.

"విమానం గంటకు నాలుగు వందల లీటర్ల ఇంధనం తాగుతుందమ్మా. ఇక్కణ్ణుంచి ఖాళీగా పోయేది కూడా మీ లెక్కలోనే."

"మనిషి లేకున్నా తాగుతదా?" అన్నాడు గిరి.

"తాగుతుంది. వచ్చేటప్పుడు ఎదురుగాలి, ఇంకా ఎక్కువ తాగుతుంది. అందుకే భువనేశ్వర్‌లో దిగి పోయించుకోవాలి. మళ్లీ పైకి లేచేటప్పుడు మరింత. ఆ ఆగడానికే గంటన్నర."

విమానం ఎక్కడా ఆగకుండా వస్తేనే గొర్ల పైసలు సరిపోతాయి. గిరి తల పట్టుకున్నాడు.

"ఎదురుగాలి లేకుంటే?" అంది సైదమ్మ.

"ఆగక్కర్లేదు."

"అయితే గాలి సంగతి నేను చూసుకుంట."

గ్లోరీ పెన్ను తీసింది. "ఎటు నుంచి వస్తుందమ్మా మీ గాలి?"

"తూర్పుకెల్లి."

గ్లోరీ రాసుకుంది.

ఊరికి తిరిగొచ్చిన సైదమ్మకు మర్నాడు పొద్దున ఎనిమిదింటికి గిరి హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "వదినా, గౌహతిల లేసిందట!"

సైదమ్మ ఖాళీ కల్లంలో నిలబడి పిలిచింది. గాలి వచ్చింది. ఆమె పిలిచిన గాలి ఊరు దాటి ఎన్నడూ పోలేదు. ఆ రోజు ఎంత దూరం పోవాలో ఆమెకు తెలియదు. గొంతు పూడిపోయేదాకా పిలిచింది. కాళ్లు వాచాయి. ఎవరో నీళ్లు తాగించారు గానీ కూర్చోమని మాత్రం ఎవరూ అనలేదు.

పన్నెండింటికి మళ్లీ ఫోన్. "ఆగకుంట వచ్చింది వదినా! దిగింది!"

ఆమె నేరుగా ఆటో ఎక్కి, మోత్కూర్‌లో బస్సు పట్టుకుంది. దవాఖాన చేరేసరికి రెండున్నర దాటింది. వరండాలో గిరి గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

"ఆలస్యమైందన్నరు వదినా. కోత పెట్టినా లాభం లేదట."

లోపల ఐలేశం కళ్లు తెరిచి ఉన్నాడు.

"మొకమంత గట్ల కమిలిందేందే?"

"ఎండల నిలవడ్డ, గంతే."

"ఊకె నిలవడుతవ్. కూసో జర."

సైదమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. అతని చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. చిన్న గొర్రెపిల్ల సంగతి అడిగితే, మంచిగుందని చెప్పింది. మూడున్నరకు నర్సు వచ్చి, అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, దుప్పటి పైకి లాగింది.

విమానం భువనేశ్వర్‌లో ఆగి ఉంటే ఆ వేళకు సైదమ్మ ఇంకా బస్సులోనే ఉండేది.