పద్నాలుగింటికి ఏడు

“జయరాముడోళ్ల బోరుకు పద్నాలుగింటికి ఏడే వచ్చినాయంట. సగం మార్కులు! కుళ్లాయప్ప బోరుకు తొమ్మిదంట. దిద్దింది కన్నకూతురే, ఇంగ అబద్ధమనేదానికి లేదు” అని పక్కింటి రామాంజినమ్మ ఎవరితోనో అన్నదట. ఆ మాట నాలుగిళ్లు తిరిగి అంజనమ్మ చెవిన పడింది. అనంతపురం బస్సు దిగి లహరి గడప తొక్కిందో లేదో, తల్లి అందుకుంది.

“ఏమ్మే, ఆ రెండు మార్కులు మన బోరుకేసింటే నీ సొమ్మేం పోతాండె?”

“ఏం మార్కులు మా?” అంది లహరి, భుజాన సంచి దించకుండానే.

తర్వాత వెలిగింది. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎంఎస్సీ చదువుతున్న లహరి, పోయినసారి వచ్చినప్పుడు ప్రాజెక్టు కోసం ఊళ్లో బోర్ల నీళ్లు పరీక్ష చేసింది. ఏ బోరు పీహెచ్ ఎంతో దాని స్టార్టర్ డబ్బా మీద సుద్దముక్కతో రాసింది. అది సున్నా నుంచి పద్నాలుగు దాకా ఉంటుందని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పింది. చెప్పకుండా పోయివుంటే బతికిపోయేది.

“అవి మార్కులు కావు మా. ఏడంటే పులుపూ కాదు, చవుడూ కాదు. నడిమధ్యన ఉన్నట్టు.”

“నడిమధ్యన అంటే సగమే గదా.”

లహరి నెత్తి కొట్టుకుంది.

“కొట్టుకో, కొట్టుకో. ఆడ కుళ్లాయప్ప అంగన్‌వాడీకి పైపేస్తాండాడు. ఊర్లో ఫస్టొచ్చిన నీళ్లంట, పిల్లోళ్లకు ఉత్తపుణ్యానికి ఇస్తాడంట. మీ నాయన గూడా సాయం పోయినాడు. మన భరత్‌గాడికీ మంచిదేలే.”

లహరి సంచి అక్కడే పడేసి పరుగెత్తింది. భరత్ ఆమె అన్న కొడుకు, అంగన్‌వాడీకి పోయే వయసు. కుళ్లాయప్ప నీళ్లలో ఫ్లోరైడ్ మితిమీరి ఉందని ల్యాబులో తేలింది. ఆ సంగతి చెప్పడానికే ఆమె ఊరికి వచ్చింది.

అంగన్‌వాడీ ముందు కుళ్లాయప్ప ఒక కొస, జయరాముడు ఒక కొస పట్టుకుని పైపు పరుస్తున్నారు. టీచరు సుజాత అరుగు మీద నిలబడి చూస్తోంది.

“చిన్నాయనా, ఆపు! ఆ నీళ్లు పిల్లోళ్లకు వద్దు.”

“ఏమప్పా, నువ్వే తొమ్మిదేస్తివి, నువ్వే వద్దంటివి?” అన్నాడు కుళ్లాయప్ప.

“ఒక అంకె పెరిగితే చవుడు గుణం పదింతలు పెరిగినట్టు. మా ఏడుకూ మీ తొమ్మిదికీ నూరింతలు తేడా.”

“నూరింతలంట! విన్యావా అన్నా?” కుళ్లాయప్ప మీసం మీదికి చెయ్యి పోయింది.

“అయ్యో... అది పక్కన పెట్టు. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటగూడదు. మీ నీళ్లల్లో నాలుగుండాది, మావాట్లో ఒకటి గూడా లేదు.”

“దాంట్లో గూడా మాదే ఎక్కువ!”

లహరికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సుజాత కలగజేసుకుంది. “పాపా, వీళ్ల నీళ్లల్లో కందిబ్యాళ్లు ఒక్క పొంగుకే మెత్తగైతాయి. మీ నీళ్లల్లో ఎంత ఉడికిచ్చినా రాళ్లే. ఇవెట్ల చెడ్డవి?”

“మావాట్లో సున్నం ఉండాది టీచరమ్మా, అందుకే ఉడకవు. ఆ సున్నమే ఫ్లోరైడ్‌ను పట్టుకొని కిందికి దింపేస్తాది. వీళ్లవాట్లో సున్నం తక్కువ, సోడా ఎక్కువ. బ్యాళ్లను మెత్తగ చేసే ఆ గుణమే బండలోని ఫ్లోరైడ్‌ను గూడా నీళ్లల్లోకి లాగుతాది.”

“అయితే కాంచి తాపిస్తాంలే.”

“చారు పొయ్యి మీద మర్చిపోతే ఏమైతాది?”

“ఇగిరిపోయి ఉప్పగైతాది.”

“ఇదీ అంతే. నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ ఆడనే ఉంటాది. కాంచేకొద్దీ చిక్కనైతాది.”

సుజాత ముఖం మారింది. “గుట్టకింద ఊరి పిల్లోళ్లకు గారపండ్లు ఇందుకేనా?”

“ఇందుకే. పాలపండ్లు రాలకముందే లోపల కొత్త పండ్లు తయారైతాంటాయి. ఇప్పుడు తాగే నీళ్లే వాటికి పట్టేది. పట్టిన గార ఎంత తోమినా పోదు.”

కుళ్లాయప్ప పైపు కింద పెట్టాడు. పుణ్యానికి పోయి తలవంపు తెచ్చుకున్న ముఖం.

“మరి పిల్లోళ్లకు యాడియి పోయాల?” అంది సుజాత.

“మా బోర్లోవి” అంది లహరి. తన మాట ఒకటైనా జనానికి ఎక్కిందన్న సంబరంలో, తండ్రి వైపు చూడాలని కూడా తోచలేదు.

అంతదాకా మాట్లాడని జయరాముడు తన కొస వదిలేశాడు. “మన బోరా? చీనీ చెట్లు కాపు మీదుండాయి. వాటికే సాలక సస్తాండా.”

“తాగేదానికే గద నాయనా. ఎన్ని బిందెలైతాయి?”

“ఈ పొద్దు బిందె, రేపు ఊరంతా. మంచినీళ్లని నువ్వే చాటింపేస్తివి గదా. చెట్లెండితే ఎవురు దిక్కు?”

కుళ్లాయప్ప చేతుల మట్టి దులుపుకున్నాడు.

“నీ చీనీ పండ్లకు గార పట్టదులే అన్నా. పట్టేది నీ మనవడి పండ్లకే.”