ఏ పార్టీదీ కాని సాక్షి

గొంతు పోయిన రోజున కూడా సామ్యూల్ ఎప్పటి బస్సుకే బయలుదేరాడు. ఉప్పునీళ్లు పుక్కిలించి, మెడకు తువ్వాలు చుట్టుకుని, కేసు కట్టను సంచిలో సర్దుకుంటున్నాడు.

"గొంతే పాయె. కోర్టుకు పోయి ఏం జేస్తావు?" అంది భార్య వరమ్మ.

"మాట్లాడే పనేముండాదిలే." గాలి తప్ప శబ్దం రాలేదు.

నిజమే. ప్రొద్దుటూరు సెషన్స్ కోర్టులో అతను ప్రభుత్వ వకీలు. ఏ ఫ్యాక్షన్ హత్య కేసైనా విచారణకు వచ్చేసరికి రెండు పార్టీలకూ రాజీ కుదిరి ఉండేది. మా సాక్షులు మీ మీద చెప్పరు, మీ సాక్షులు మా మీద చెప్పకూడదు. బోనెక్కిన ప్రతివాడూ ఏమీ చూడలేదంటాడు. సాక్షి ఎదురు తిరిగాడని జడ్జీకి విన్నవించి సామ్యూల్ కూర్చుంటాడు. ఏళ్ల తరబడి అదే పని. అతని చేతిలో ఒక్క హంతకుడికీ శిక్ష పడలేదు. తన ఊరు జమ్మలమడుగు బజారులో హతుల తల్లులు ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు.

ఆనాటి కేసూ అలాంటిదే. బాడుగ జీపులో పోతున్న ఒక నాయకుణ్ణి ఎదుటి పార్టీవాళ్లు దారికాచి నరికారు. జీపు డ్రైవరునూ వదల్లేదు. నాయకుడి మనుషులందరూ చూడలేదని చెప్పేశారు. మిగిలింది డ్రైవరు భార్య మహబూబ్‌బీ ఒక్కతే. ఆమె కూడా అదే మాటంటే కేసు ముగిసినట్టే.

ముద్దాయిల వకీలు గురురాజారావు వరండాలో నవ్వుతూ ఎదురయ్యాడు.

"గొంతు దాచుకోప్పా సామ్యూలూ. ఆయమ్మను ఆ పార్టీవోళ్లు చూసుకునింటారులే."

సామ్యూల్ తలూపాడు.

మహబూబ్‌బీ పులివెందులలోని పుట్టింటి నుంచి ఒంటరిగా వచ్చింది. వెలిసిన పచ్చచీర, పగిలిన మడమలు. బోనెక్కి కొంగు తలమీదికి లాక్కుంది. సామ్యూల్ ప్రశ్న ఎవరికీ వినపడలేదు. దగ్గరికి పోయి అడగమన్నాడు జడ్జీ. అతను బోను కటకటాల దాకా నడిచాడు. సాక్షి ముఖాన్ని అంత దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో అతనికే తెలియదు.

"ఏం జూసినావమ్మా?"

"అన్నం క్యారియరు తీసుకొని రోడ్డుకాడికొచ్చినా సార్. ఆయప్ప కొడవలితో నరికినాడు. ఈయప్ప పట్టుకున్యాడు." వేలు ఒక్కొక్కరి మీదా నిలిచింది. ముద్దాయిల్లో ఒకడు పక్కవాణ్ణి చూశాడు.

ఎదురు తిరిగిన సాక్షి అనే మాట సామ్యూల్ నాలుక మీద అలవాటుగా సిద్ధంగా ఉంది. దాన్ని మింగి, "ఇంకా చెప్పమ్మా" అన్నాడు. ఆమె అంతా చెప్పింది.

గురురాజారావు లేచాడు.

"ఇదంతా నీకు ఏ పార్టీవోళ్లు నేర్పించి పంపినారమ్మా?"

"నేర్పేదానికి యాడొచ్చినారు సామీ? మా ఇంటాయన సచ్చినాంక ఆ పార్టీవోళ్లూ రాలే, ఈ పార్టీవోళ్లూ రాలే. బాడుగ జీపోడే కదా అనుకున్యారేమో. చెప్పమనీ ఎవురూ అడగలే, చెప్పొద్దనీ ఎవురూ అనలే."

రాజీలో రెండు పార్టీలూ సాక్షులను పంచుకున్నాయి. ఆమెను ఎదుటివాళ్లు చూసుకుంటారని ఎవరికి వారు అనుకున్నారు. గురురాజారావు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. జడ్జీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

సామ్యూల్ ఆమెను బస్టాండు దాకా సాగనంపి, పులివెందుల బస్సు కదిలేవరకూ నిలబడ్డాడు. ఆ తర్వాత లాల్ బాషా కుట్టుకొట్టుకు పోయి తన నల్లగౌను ఇచ్చాడు. మోచేతుల దగ్గర అది చిరిగి చాలా కాలమైంది. బాగుచేయించాలని అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

"ఏంది సార్, పెండ్లా?" అన్నాడు లాల్ బాషా.

"వాదనలు." ఆ మాట కొంచెం పలికింది.

జమ్మలమడుగులో బస్సు దిగి బజారు మధ్యలోంచి నడిచి ఇంటికి పోయాడు. ఆ రోజు ఏ సందులోకీ తిరగలేదు.

వాయిదా రోజు రాకముందే, ఒక ఆదివారం భోంచేసి పడుకున్న సామ్యూల్ మళ్లీ లేవలేదు. వాదనలు వేరే వకీలు వినిపించాడు. మహబూబ్‌బీ వేలు చూపిన వాళ్లందరికీ యావజ్జీవం పడింది.

లాల్ బాషా కొట్టులో గౌను ఇంకా మేకుకు వేలాడుతోంది. మోచేతులు కుట్టి ఉన్నాయి. వరమ్మ పోయి తెచ్చుకోవలసిన పని మిగిలే ఉంది.