మ్యాచ్ రోజున వచ్చే మనిషి

మ్యాచ్ ఉన్న రోజు కండక్టర్ భార్య కళ్లద్దాల షాపు నుంచి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేస్తుంది. షాపు యజమాని ఎందుకని అడగడు. చనిపోయిన భర్త ఇంటికొచ్చే వేళకి తలుపుకి తాళం వేసి ఉంటే బాగుండదని ఆయనకీ తెలుసు. పైగా ఆయనా ఊరి హాకీ జట్టు కోసం ఏళ్ల తరబడి గొంతు చించుకున్నవాడే. "బయల్దేరమ్మా, ఆట మొదలైపోతుంది. ఆ కోచ్‌ని కాస్త గట్టిగానే కడిగెయ్యమని మీ ఆయనతో చెప్పు," అని, ఆమె చేతిలోని ఫ్రేము అందుకుని తనే స్క్రూ బిగించడానికి కూర్చుంటాడు.

ఆమె ఇంటికొచ్చి కిటికీలు తీస్తుంది. భుజాన సంచీ ఉంటుంది కాబట్టి ఆయన కుర్చీని గోడకి కాస్త ఎడంగా జరుపుతుంది. బస్సు ఇంజను మోత పక్కన బతుకంతా గడిపిన చెవులు కదా అని టీవీ సౌండు పెంచుతుంది. ఈలోగా మరిది వస్తాడు, వెనకాలే పక్కవీధి ప్లంబర్ వస్తాడు. అంపైర్ విజిల్ వేసేసరికి కండక్టర్ కుర్చీలో ఉంటాడు. తలుపు తీసుకుని రావడం, నడిచి రావడం లాంటివేమీ లేవు. ఖాకీ చొక్కా, తోలు సంచీ, మోకాలి మీద చెయ్యి.

మొదటిసారి వచ్చింది తను పోయిన వారం రోజులకే. ఆ రోజు మరిది ఒక్కడే టీవీ ముందున్నాడు. కుర్చీలో అన్నగారిని చూసి, తెరకి అడ్డొస్తున్నానని పక్కకి జరిగి, "కాస్త ఆలస్యమైంది అన్నయ్యా, అప్పుడే మన మీద ఓ గోల్ పడింది," అన్నాడు. కండక్టర్ తలకొట్టుకున్నాడు. ఆమె వంటింట్లోంచి వచ్చి చూసి, చేతిలో గిన్నె అక్కడే పెట్టి, ఆయన పక్కన స్టూలు వేసుకుంది. ఆ స్టూలు అప్పట్నుంచీ అక్కడే ఉండిపోయింది.

ఇంతకీ ఆయన వచ్చేది పెళ్లాం మీద బెంగతో కాదు, కోపంతో. ఆ సంగతి ఆయనే చెప్పాడు, ఆమె ఏమీ నొచ్చుకోలేదు. ఆ జట్టు సంగతి అలాంటిది. లీగులో రెచ్చిపోతారు. ఎదురొచ్చినవాళ్లని ఉతికి ఆరేస్తారు. ఓడితే ఇంటికెళ్లే ప్లేఆఫ్ అనేసరికి మాత్రం కాళ్లు చల్లబడతాయి. మొదటి నాకౌట్ మ్యాచ్ ఎలాగోలా సమం దాకా లాక్కొస్తారు, షూటౌట్‌లో ఓడతారు. ఏటా ఇంతే. ఏటా ఊరంతా కోచ్‌ని తిట్టుకుంటూ పడుకుంటుంది.

"వీళ్లు ఆ మొదటి గండం గట్టెక్కడం కళ్లారా చూసేదాకా నాకు కదలబుద్ధి కాదే," అన్నాడు కండక్టర్. "చూశానా, ఇక నాకిక్కడ పనేముంది."

దాంతో ఆమెకి ఎవరితోనూ చెప్పుకోలేని ఇబ్బంది ఒకటి వచ్చిపడింది. జట్టు గెలిచిన రోజున ఆయన సంతోషంగా రెండు మాటలు చెప్పి చప్పున వెళ్లిపోయేవాడు. ఓడితే వీధి దీపాలు వెలిగేదాకా కదిలేవాడు కాదు. కోచ్‌ని తిట్టి, సెలెక్టర్లని తిట్టి, మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటూ, "వంటింట్లో కుళాయి కారడం ఆగిందా? నువ్వు షాపులో మరీ అంతసేపు వంగి కూర్చోకు, మెడ పట్టేస్తుంది," అనేవాడు. ఆ మాటల కోసం ఆమె ఓటమిని ప్రేమించడం మొదలుపెట్టింది. అవతలి జట్టు గోల్ కొడితే పైకి అయ్యో అనేది, లోపల హమ్మయ్య అనుకునేది. ఊరంతా ఒక దిక్కున ఉంటే తను ఒక్కర్తీ ఇంకో దిక్కున ఉండడం ఆమెకి సిగ్గుగా ఉండేది. అయినా సరే, ప్లేఆఫ్ వచ్చిందంటే ఓడిపోవాలనే కోరుకునేది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఆ కోచ్ వాళ్ల మేడ మీద వాటాలోనే అద్దెకుంటాడు. కండక్టర్ బతికుండగానే దిగాడు. కింద హాల్లో అతని పేరు చెబితే భగ్గున మండే కండక్టర్, మెట్ల దగ్గర ఎదురుపడితే మాత్రం, "బాగున్నారా? నీళ్లు సరిగ్గా వస్తున్నాయా?" అని నవ్వేవాడు. ఇంట్లో అద్దెకున్న మనిషిని మొహం మీద ఏమంటాం అనేది ఆయన పద్ధతి. మరిదిదీ అదే పద్ధతి, ప్లంబర్‌దీ అంతే. ఆ మాటకొస్తే ఊళ్లో అందరూ ఆ కోచ్‌కి నమస్కారం పెట్టేవాళ్లే, అతను సందు మలుపు తిరగగానే తిట్లు అందుకునేవాళ్లే. పోయాకయినా చెప్పేద్దామంటే, మ్యాచ్ రోజున కోచ్ మైదానంలో ఉంటాడు. అతను తిరిగొచ్చేసరికి కండక్టర్ ఉండడు.

ఆయన తిట్లలో పస ఎంతో ఆమెకి బాగా తెలుసు. చాలావరకు ఉత్త కోపం. ఎడమవైపు ఆడే కుర్రాడు కోచ్ చుట్టం అన్నాడు, కాదు. జెర్సీ రంగు మార్చాకే దరిద్రం పట్టుకుందన్నాడు, అంతకుముందూ ఓడారు. కాపురం చేసిన మనిషి కాబట్టి ఆమె ఒకటి గమనించింది. తప్పు చెప్పేటప్పుడు ఆయన గొంతు పైకి లేస్తుంది. నిజంగా తెలిసింది చెప్పేటప్పుడు మోకాలు రుద్దుకుంటూ, ఎవరికీ వినపడనంత మెల్లగా గొణుగుతాడు. ఏటా షూటౌట్ మొదలయ్యే ముందు ఆయన ఒకటే గొణిగేవాడు.

"మళ్లీ గోల్‌కీపర్ని మార్చాడు చూడు. ఆటంతా నిలబడ్డవాడి కాళ్లకి ఆ రోజు బంతి ఎలా పోతుందో తెలుస్తుంది. వాణ్ని తీసేసి, బెంచీ మీద చల్లబడ్డవాణ్ని తెచ్చి నిలబెడతాడు."

అప్పటికి మరిదీ ప్లంబరూ గోల్ తప్పిన ఆటగాళ్ల మీద అరుస్తూ ఉండేవాళ్లు. ఆ గొణుగుడు విన్నది ఆమె ఒక్కతే.

ఈ ఏడు మళ్లీ ప్లేఆఫ్ వచ్చింది. ముందురోజు సాయంత్రం కోచ్ కళ్లజోడు చేత్తో పట్టుకుని కిందికి దిగాడు. ముక్కు దగ్గర ప్యాడ్ ఊడింది. ఆమె డైనింగ్ టేబుల్ మీద గుడ్డ పరిచి, చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చుకుని కూర్చుంది. కళ్లజోడు లేకుండా అతని మొహం నిద్రలో లేపిన పిల్లాడి మొహంలా ఉంది.

"అక్కా, రేపు ఓడిపోతే నన్ను పంపించేస్తారట," అన్నాడు. "వాటా ఖాళీ చెయ్యాల్సి వస్తుంది. ముందే చెబితే మంచిదని."

"అలాగెందుకనుకోవడం నాయనా."

"ఊళ్లో అందరూ తిడతారని తెలుసు. ఎదురుగా ఒక్కరూ ఏమీ చెప్పరు. చేతులు కలిపి నవ్వుతారు. ఎక్కడ తప్పు చేస్తున్నానో నాకు నిజంగా అర్థం కావట్లేదు అక్కా." హాల్లో కుర్చీ వైపు చూసి అడిగాడు. "బావగారు ఏమంటున్నారు?"

స్క్రూ ఆమె వేళ్ల మధ్యలోంచి జారి గుడ్డ మీద పడింది. వెతికి పట్టుకుని, తలెత్తకుండానే చెప్పింది.

"ఆ ఎడమవైపు కుర్రాణ్ని తీసెయ్యమంటారు. జెర్సీ రంగు కూడా బాలేదంటారు."

"ఇంకేం అనలేదా?"

"అంతే."

కోచ్ కళ్లజోడు పెట్టుకుని, "బాగా కుదిరింది అక్కా," అని పైకి వెళ్లిపోయాడు. కాసేపటికి నెత్తి మీద అడుగుల చప్పుడు మొదలైంది. కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా. ఆమె టేబుల్ సర్దింది, గుడ్డ దులిపింది, దులిపిందే మళ్లీ దులిపింది. అబద్ధం చెప్పలేదు కదా అనుకుంది. నిజం చెప్పలేదని కూడా అనుకుంది.

ఆ చప్పుడు వింటుంటే కిందటేడు ఓడిన రోజు గుర్తొచ్చింది. మరిదీ ప్లంబరూ వెళ్లిపోయాక ఆమె భర్తని అడిగింది.

"మిగతా రోజుల్లో ఎక్కడుంటారండీ?"

"ఎక్కడని చెప్పను," అన్నాడాయన. "బస్సు కోసం స్టాపులో నిలబడ్డట్టుంటుంది. వస్తుందని తెలుసు. ఎప్పుడో తెలీదు."

"కూర్చోవడానికేమీ ఉండదా?"

"ఉండదు. ఫర్వాలేదులే, నిలబడ్డం నాకు కొత్తా?"

అప్పుడు ఆమె నవ్వేసింది. ఇప్పుడు నవ్వు రాలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ కదిలే బస్సులో నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి, రిటైరైతే కాళ్లు చాపుకుని పడుకుంటానని రోజూ అనేవాడు, రిటైరవకుండానే పోయాడు. పోయాక కూడా నిలబడే ఉన్నాడు. ఆయన్ని అలా నిలబెట్టింది ఆ జట్టే అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ. ఇప్పుడా పని తనే చేసింది. తన పక్కన ఒక్క సాయంత్రం కూర్చుంటాడని ఏడాది పొడుగునా నిలబెట్టింది.

తెల్లారి కోచ్ బూట్లు వేసుకుంటుండగా ఆమె మెట్లెక్కి వెళ్లింది.

"నిన్న ఒకటి చెప్పలేదు నాయనా. షూటౌట్ దాకా వస్తే గోల్‌కీపర్ని మార్చకు. ఆటంతా నిలబడ్డవాణ్నే ఉంచు."

కోచ్ లేసు ముడి వేస్తూ ఆగాడు. "కొత్తవాడు పొడుగు అక్కా. ప్రాక్టీసులో వాడే ఎక్కువ ఆపుతాడు. అందుకే ఏటా..."

"ప్రాక్టీసులో వాడూ పొద్దుట్నుంచీ ఆడుతూనే ఉంటాడుగా. మ్యాచ్ రోజున బెంచీ మీద కూర్చుని ఉంటాడు. ఆయన అనేది అదే."

అతను లేసు ముడి బిగించాడు. తర్వాత, "ఇది బావగారు గట్టిగా అన్నారా?" అని అడిగాడు.

"లేదు. మెల్లగా అన్నారు."

కోచ్‌కి ఆ తేడా ఏం అర్థమైందో ఏమో, తలూపాడు. ఆమె కిందికి దిగి భర్త కుర్చీ తుడిచింది.

ఆ రోజు షాపుకి వెళ్లనేలేదు. పొద్దున్నే కిటికీలు తీసి కూర్చుంది. విజిల్ వేసేసరికి కండక్టర్ కుర్చీలో ఉన్నాడు. ఆయన వైపే చూస్తూ ఆమె ఆట సగం చూడలేదు. ఏం చూస్తావే నా మొహం, ఆట చూడు అని ఆయన విసుక్కున్నాడు. ఎడమవైపు కుర్రాడు అందివచ్చిన గోల్ బయటికి కొడితే మరిది నెత్తి బాదుకున్నాడు, ప్లంబర్ కోచ్ వంశాన్ని తవ్వాడు. చివరికి అందరూ అనుకున్నట్టే ఆట సమంగా ముగిసింది.

షూటౌట్ అంటే ఇటునుంచి ఒకడు బంతితో ఒంటరిగా వెళ్లి అవతలి గోల్‌కీపర్ని తప్పించి గోల్ కొట్టాలి, తర్వాత అటునుంచి ఒకడు రావాలి. కెమెరా బెంచీ వైపు తిరిగింది. పొడుగు గోల్‌కీపర్ హెల్మెట్ పెట్టుకుని లేచాడు. కండక్టర్ చెయ్యి మోకాలి మీదికి వెళ్లింది. గొణగడానికి నోరు తెరిచాడు. కోచ్ ఆ పొడుగువాడి భుజం మీద చెయ్యివేసి మళ్లీ కూర్చోబెట్టాడు.

కండక్టర్ నోరు అలాగే ఉండిపోయింది.

ఆటంతా నిలబడ్డ గోల్‌కీపర్, చెమటకి జెర్సీ ఒంటికి అంటుకుపోయి, గోల్ ముందుకొచ్చి నిలబడ్డాడు. మొదటి బంతి కాలితో ఆపాడు. తర్వాతది వదిలేశాడు. ఆ తర్వాత వరసగా ఏదీ వదల్లేదు. ఆఖరిది ఆపి నేల మీద పడుకుండిపోయాడు. అతని మీద జట్టంతా పడింది. మరిది ప్లంబర్ని ఎత్తుకున్నాడు. ఇద్దరూ అరుచుకుంటూ వీధిలోకి పరిగెత్తారు. అప్పటికే వీధంతా బయటే ఉంది.

హాల్లో వాళ్లిద్దరే మిగిలారు.

"వాడికి ఎవరు చెప్పారు?" అన్నాడు కండక్టర్.

"నేనే. పొద్దున."

ఆయన ఆమె వైపు చూశాడు. ప్లేఆఫ్ రోజున కోపం లేని ఆ మొహం చూసి ఎన్నేళ్లయిందో అనుకుంది ఆమె.

"గెలిస్తే ఏమవుతుందో తెలిసే చెప్పావా?"

"తెలిసే."

"ఇంకో రెండేళ్లు ఊరుకోలేకపోయావా పిచ్చిదానా? నాకేమైనా తొందరా?"

"కాళ్ల నొప్పులు కదండీ మీకు," అంది. ఆయన సంచీ పట్టీ సవరించడానికి చెయ్యి చాపింది, పట్టీ చేతికి తగిలింది. తర్వాత తగల్లేదు.

కోచ్ వచ్చేసరికి సాయంత్రమైంది. గేటు దాకా జనం భుజాల మీద మోసుకొచ్చి దించారు. మెడలో ఎవరో వేసిన జెండా ఉంది. ఆమె మెట్ల దగ్గర కూర్చుని ఉంది. కోచ్ జనాన్ని పంపించేసి, గబగబా వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. పరీక్ష ఫలితం అడిగే పిల్లాడికి మల్లే ఆత్రం పట్టలేక అడిగాడు.

"బావగారు ఏమన్నారు అక్కా?"

"ఏమీ అనలేదు."

కోచ్ మొహం వెలిగింది. ఆమె మొహం చూశాక, తెరిచి ఉన్న తలుపులోంచి హాల్లో గోడకి జరిపేసిన ఖాళీ కుర్చీ చూశాక, ఆ వెలుగు పోయింది. జెండా మెడలోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అక్కా," అన్నాడు. "నాకు చెప్పేముందు మీరు..."

"మొదటేడే ఎందుకు ఉంచలేదయ్యా వాణ్ని?" అంది ఆమె.

ఆ ఇంట్లో ఆ కోచ్‌ని మొహం మీద ఒక మాట అనడం అదే మొదలు. గొంతు మెల్లగానే ఉంది.

"ఎందుకు మార్చావు? ఏటేటా ఎందుకు మార్చావు? ఆ గోల్‌కీపర్ అప్పుడూ ఉన్నాడుగా. అప్పుడూ అంతే ఆపేవాడుగా. మొదటేడే ఉంచితే మా ఆయన బతికుండగా చూసేవాడు. ఇదే కుర్చీలో కూర్చుని, ఆ ప్లంబర్ని తనే ఎత్తుకునేవాడు. నీకేం, ఓడితే ఇంకో ఊరు. ఆయన గెలుపు చూస్తానని సెలవులన్నీ ప్లేఆఫ్‌కే దాచుకునేవాడు. ఏం పోయిందయ్యా నీకు, ఒక్క ఏడు ఉంచితే..."

కోచ్ జెండా పక్కన పెట్టాడు. బూట్లు విప్పి, కింది మెట్టు మీద కూర్చున్నాడు. బయట వీధిలో ఇంకా ఎగురుతున్నారు. ఆమె తిడుతూనే ఉంది, అతను వింటూనే ఉన్నాడు, ఇద్దరిలో ఎవరికీ లేవాలని లేదు.