ప్లేటులో మామయ్య గుండె

లేబొరేటరీలో ఆమెను అందరూ నిదానం అనే పిలిచేవారు. ఎవరైనా ద్రవం కొలిచే పిపెట్ పట్టుకుని తొందరపడితే చాలు, పక్కనుంచి "నిదానం, నిదానం" అనడం ఆమెకు అలవాటు. ఆ మాటే చివరికి పేరై కూర్చుంది. పద్నాలుగేళ్లుగా ఆమె పని కణాలను పెంచడం. పొద్దున్నే వచ్చి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తొడుగులు వేసుకుని, గాజు తెర కింద నుంచి చేతులు లోపలికి పెట్టి, ప్లేట్లలోని పాత పోషక ద్రవం తీసేసి కొత్తది పోసేది. కణాలకు ఆదివారం సెలవు లేదు కాబట్టి ఆమెకూ లేదు.

ఆమె పై అధికారిని అందరూ మేడమ్ అనేవారు. పేరున్న శాస్త్రవేత్త. ఒక మాట పూర్తి కాకముందే ఇంకో మాట అందుకునేది. కారిడార్‌లో ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే కుర్రాళ్లు ఫోన్లు జేబుల్లో పెట్టుకునేవారు. ఆమె నవ్వగా చూశామని చెప్పినవాళ్లు లేబులో ఒక్కరూ లేరు.

ఇక నిదానం మేనమామ సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో బస్సుకు చిన్న గీత కూడా పడనివ్వలేదు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం డిపోలో బస్సు దిగి, కాఫీ గ్లాసు అందుకుంటూ అక్కడికక్కడే కుప్పకూలిపోయాడు. నిమిషం తిరక్కుండానే లేచి కూర్చుని, అందరూ తన చుట్టూ ఎందుకు మూగారని అడిగాడు. పరీక్షలన్నీ చేసిన గుండె డాక్టరు, కండరం దిట్టంగానే ఉందనీ, కొట్టుకునే తీరులోనే ఏదో తేడా ఉందనీ చెప్పాడు. మామయ్య తండ్రి కూడా నలభై అయిదేళ్లకే నడుస్తూ నడుస్తూ పడిపోయి ప్రాణం వదిలాడు కాబట్టి ఇది పుట్టుకతో వచ్చిందే కావచ్చన్నాడు. ఆ తేడా ఏ రకందో మాత్రం ఆయనకూ అంతుపట్టలేదు. మామయ్యను స్టీరింగు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి, అప్పటికి ఏవో మాత్రలు రాసిచ్చాడు.

సరిగ్గా ఇలాంటి రోగుల కోసమే మేడమ్ వెతుకుతోంది. మనిషి చర్మంలోంచి కాసిని కణాలు తీసి, వాటిని ఏ అవయవంగానైనా మారగల మూలకణాలుగా వెనక్కి మళ్లించి, అక్కడినుంచి గుండె కణాలుగా పెంచితే, ఆ మనిషి గుండెలోని లోపం ప్లేటులో కంటికి కనబడుతుందని ఆమె నమ్మకం. నిదానం ఈ సంగతి మామయ్యకు ఓపిగ్గా వివరించింది. ఒంట్లో ప్రతి కణంలోనూ మొత్తం ఒంటికి కావలసిన సమాచారమంతా ఉంటుందనీ, చర్మం కణం అందులో తనకు కావలసిన కాస్తే వాడుకుని తక్కినదంతా మూసి పెట్టుకుంటుందనీ, దాన్ని మళ్లీ తెరిపించవచ్చనీ చెప్పింది. మామయ్య అంతా విని, పాత టైర్లతో చెప్పులు కుట్టేవాణ్ణి చూశాను గానీ మోచేతి చర్మంతో గుండె చేసేవాళ్లను ఇప్పుడే వింటున్నానన్నాడు. మర్నాడే వచ్చి, కాగితాల మీద సంతకాలు పెట్టి, చేతిమీదనుంచి బియ్యపుగింజంత చర్మం ఇచ్చి వెళ్లాడు.

చర్మాన్ని మూలకణాలుగా మార్చడానికి నాలుగు నెలలు పట్టింది. అదైనా నయం. వాటిని గుండెవైపు నడిపించడమే గగనమైపోయింది. పద్ధతి చెప్పుకోవడానికి సులువే. కణాలను ప్లేటులో వేసి మూడు రోజులు పెంచాలి. తర్వాత ఒక మందు వేసి, గుండెగా మారే దారిలో మొదటి కబురు వాటికి అందించాలి. ఒక రోజు తర్వాత ఆ మందు తీసెయ్యాలి. ఇంకో రెండు రోజులకు అదే కబురును ఆపే మందు వెయ్యాలి. అన్నీ కుదిరితే పదిరోజుల్లో కణాలు వాటంతటవే కొట్టుకోవాలి. మిగతా రోగుల కణాలు చెప్పిన మాట విన్నాయి. మామయ్యవి మాత్రం మొండికేశాయి.

మొదటిసారి చచ్చి తేలిపోయాయి. రెండోసారి బద్ధకంగా పరుచుకుని ఏమీ కాకుండా ఉండిపోయాయి. అయిదోసారి సన్నటి కొమ్మలు చాచి ఒకదాన్నొకటి అందుకోబోయాయి. అవి నరాల కణాలని మైక్రోస్కోపులో చూడగానే నిదానానికి తెలిసిపోయింది. వారం వారం ఫోను చేసి తన గుండె ఎంతవరకు వచ్చిందని అడగడం మామయ్యకు అలవాటైంది. ఆ వారం ఆమె నీరసంగా జరిగింది చెప్పింది.

"అంటే నాకు మెదడుందని తేలిందన్నమాట," అన్నాడు మామయ్య సంబరంగా. "అమ్మడూ, ఆ ముక్కేదో కాగితం మీద రాసి స్టాంపు వేసివ్వు. మీ అత్తయ్య ఇరవై ఏళ్లుగా ఒప్పుకోవడం లేదు."

ఎనిమిదోసారీ పోయాక మేడమ్ ఇక ఈ కణాలను పక్కన పెట్టేద్దామంది. ఆ సాయంత్రం నిదానం పారెయ్యాల్సిన ప్లేటును ఊరికే చివరిసారి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఆరు గుంటల ప్లేటు అది. నాలుగో గుంట అంచున, ద్రవం పోసేటప్పుడు కణాలన్నీ ఒక పక్కకు కొట్టుకుపోయి గుమిగూడిన చోట, చీమ తలంత మేర ఏదో అదిరింది. ఆమె కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ఇంకోసారి అదిరి ఊరుకుంది.

ఆమె ఆ ప్లేటు పారెయ్యలేదు. పాత ఎనిమిది ప్రయత్నాల ఫొటోలన్నీ తెరిచి వరసగా చూసుకుంటూ కూర్చుంది. మామయ్య కణాలు మెల్లగా పెరిగే రకం. అందరి కణాలూ మూడు రోజులకు ప్లేటంతా నిండిపోతే, ఇవి సగమే నిండేవి. మధ్య మధ్య ఖాళీలు ఉండిపోయేవి. బయటనుంచి వేసిన మందు మొదలుపెట్టేది మాత్రమే. ఆ తర్వాత కణాలు తాము తయారుచేసే పదార్థాలను ఒకదానికొకటి అందించుకుంటూ, పక్కదాన్ని బట్టి తామేమవ్వాలో తేల్చుకుంటాయి. పక్కన ఎవరూ లేని కణానికి ఏ కబురూ అందదు. అంచున కిక్కిరిసినవాటికే అందింది.

మర్నాడు ఆమె మేడమ్ గదికి వెళ్లి, మూడు రోజులు కాక నాలుగు రోజులు పెంచి, ఖాళీలన్నీ మూసుకున్నాకే మందు వేద్దామని అడిగింది. మేడమ్ తల ఎత్తకుండానే కుదరదంది. రోజులు మారిస్తే మిగతా రోగుల కణాలతో పోల్చడం ఎలాగంది. పద్ధతి అంటే పద్ధతేనంది. నిదానం కదల్లేదు.

"మేడమ్, మీరు రోజులు లెక్కపెడుతున్నారు. కణాలు రోజులు లెక్కపెట్టవండి. పక్కన ఎవరున్నారో చూసుకుంటాయి. వాటికి నాలుగు రోజులైతే గానీ పక్కవాళ్లు దొరకడం లేదు."

మేడమ్ కలం కింద పెట్టింది. ఈ పద్నాలుగేళ్లలో నిదానం ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు. మేడమ్ ఒక్క ప్లేటుకే ఒప్పుకుంటున్నానంది. అందులోనూ మూడు గుంటలు పాత లెక్క ప్రకారమే చెయ్యాలంది. ఏది తేలినా ఇదే ఆఖరుసారి అంది.

నిదానం ఆ ప్లేటును పసిబిడ్డను మోసినట్టు మోసింది. నాలుగో రోజుకు కణాలు సందులేకుండా ఒత్తుకుని, గచ్చు మీద పరిచిన రాళ్లలా కనబడ్డాయి. మందు వేసింది, తీసింది, రెండో మందు వేసింది. ఎనిమిదో రోజు ఏమీ లేదు. తొమ్మిదో రోజూ ఏమీ లేదు. పదో రోజు పొద్దున పది గంటలకు ప్లేటు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, కంటిని ఆనించింది.

మొత్తం కదులుతోంది.

ముందు తన చెయ్యే వణుకుతోందనుకుని బల్ల వదిలేసింది. కదులుతూనే ఉంది. ఊపిరి వల్లనేమోనని ఊపిరి బిగబట్టింది. కదులుతూనే ఉంది. గుంట ఈ చివరనుంచి ఆ చివరిదాకా, గాలికి పలచటి గుడ్డ ముడుచుకుని విచ్చుకున్నట్టు, ఒక్కసారిగా బిగుసుకుని ఒక్కసారిగా సడలుతోంది. పాత లెక్కన చేసిన మూడు గుంటల్లో చలనం లేదు. కొత్త లెక్కన చేసిన మూడూ కొట్టుకుంటున్నాయి.

ఆమె పరుగెత్తింది. పద్నాలుగేళ్లలో ఆమె పరుగెత్తగా ఎవరూ చూడలేదు. కారిడార్‌లో ఎదురైన కుర్రాడొకడు నిప్పంటుకుందేమోననుకుని మంటలార్పే సిలిండరు గోడమీదనుంచి ఊడబీకాడు. ఆమె మేడమ్ గది తలుపు తట్టకుండానే తోసింది, రొప్పుతూ చేత్తో గాలిలో గుప్పిట ముడిచి తెరిచి చూపించింది. మేడమ్ చెప్పులు కూడా వేసుకోకుండా లేచి వచ్చింది.

మేడమ్ వంగి మైక్రోస్కోపులోకి చూసింది. తర్వాత ఆమె భుజాలు అదరడం మొదలైంది. ఏడుస్తోందేమోనని నిదానం భయపడింది. తీరా చూస్తే నవ్వు. ఆ నవ్వు ఎన్నాళ్లనుంచి దాచిపెట్టిందో గానీ ఒకసారి బయటపడ్డాక ఆగలేదు. మేడమ్ నిదానం రెండు చేతులూ పట్టుకుని, వట్టి పాదాలతో నున్నటి గచ్చు మీద గిర్రున తిప్పింది. ఇద్దరూ వెళ్లి ఫ్రిజ్‌కు గుద్దుకున్నారు. దానిమీదున్న ఖాళీ డబ్బాలు దొర్లిపడ్డాయి. సిలిండరు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు, దాన్ని ఎక్కడ దించాలో తెలియక అలాగే చప్పట్లు కొట్టబోయాడు.

ఆ రోజు ఇక పని సాగలేదు. పక్క లేబుల వాళ్లు వచ్చారు. గేటు దగ్గరి వాచ్‌మన్ వచ్చాడు. క్యాంటీన్ ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, ఇంత చిన్నది ఎవరు చెబితే కొట్టుకుంటోందని అడిగింది. ఎవరూ చెప్పరనీ, దాని స్వభావమే అంతనీ నిదానం చెప్పింది. క్యాంటీన్ ఆవిడ నమ్మలేదు. ఇంకోసారి చూస్తానని మళ్లీ వరసలో నిలబడింది.

రెండు రోజుల తర్వాత మామయ్యా అత్తయ్యా వచ్చారు. మామయ్య డ్యూటీకి వెళ్లే రోజుల్లోలా తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తెల్ల కోటు తొడిగి, తలకు టోపీ పెట్టి లోపలికి తీసుకెళితే, తనే పెద్ద డాక్టరయినట్టు అందరికీ నమస్కారాలు పెట్టాడు. మైక్రోస్కోపులో రెండు నిమిషాలు చూశాడు. తర్వాత గుంటల్ని వేలితో చూపించి, "మూడు చోట్ల మూడున్నాయి. నాది ఒకటి ఆగితే స్టెప్నీలు మూడున్నట్టేగా," అన్నాడు. అందరూ నవ్వారు.

అత్తయ్య మాత్రం నవ్వలేదు. కంటిని ఆనించి చూస్తూ, కుడిచేతి చూపుడువేలితో బల్లమీద మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. నాలుగు దెబ్బలు సమంగా. ఒక్క క్షణం ఆగింది. తర్వాత రెండు హడావిడిగా. మళ్లీ సమంగా.

"ఇదే," అంది కళ్లు తీయకుండా. "మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు నా చెయ్యి ఆయన ఛాతీ మీదే ఉంటుంది. సరిగ్గా ఇలాగే ఆగుతుంది. తర్వాత ఇలాగే తొందరపడుతుంది. డాక్టరుకు చెబితే మిషన్లో రాలేదన్నాడు."

మేడమ్ ముఖంలో సంతోషం పొంగుకొచ్చింది. అంతలోనే రోగి ఎదురుగా ఉన్నాడని గుర్తొచ్చి ముఖం సరిచేసుకోవడానికి అవస్థ పడింది. అది మామయ్య కంటబడనే పడింది.

"సంతోషించండమ్మా, మొహమాటం దేనికి," అన్నాడాయన. "బస్సు చెడిపోతే షెడ్డులోనే చెడిపోవాలి. రోడ్డు మీద కాదుగా."

అప్పుడు మేడమ్ మళ్లీ నవ్వింది. అత్తయ్యకు కుర్చీ వేసి, ఆ లయను ఇంకోసారి తట్టి చూపించమని అడిగి, పక్కనే కంప్యూటరులో గీతలుగా నమోదవుతున్న కణాల కదలికతో సరిచూసింది. రెండూ ఒకటే. అత్తయ్యకు ఆ గీతల కాగితం అచ్చువేసి ఇస్తే, దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది.

తర్వాతి మూడు నెలలూ నిదానం ఆ కణాలను మళ్లీ మళ్లీ పెంచింది. ప్రతిసారీ నాలుగో రోజే. ప్రతిసారీ కొట్టుకున్నాయి. మేడమ్ వాటిమీద ఒక్కొక్క మందూ వేసి చూసింది. మామయ్య మింగుతున్న మందు వేస్తే తడబాటు ఏమాత్రం తగ్గలేదు. తర్వాత వేసిన రెండూ అంతే. నాలుగోది వేసిన అరగంటకు ఆ విరామం పోయి, కణాలు గడియారంలా కొట్టుకున్నాయి. ప్లేటులో పనిచేసినంత మాత్రాన మనిషిలో పనిచేస్తుందని చెప్పలేనంటూనే, మేడమ్ ఫలితాలన్నీ గుండె డాక్టరుకు పంపింది. ఆయన తన పరీక్షలు తాను చేయించాడు. లోపం ఏ రకందో రక్తపరీక్షలో తేలాక ఆసుపత్రిలో ఉంచి ఆ నాలుగో మందుకు మార్చాడు. అదే లోపం నిదానం తల్లికి ఉందేమోనని ఆమెకూ పరీక్ష చేశారు. లేదని తేలింది. తల్లికి లేదంటే తనకు ఆ భయం లేదని నిదానం ఊపిరి పీల్చుకుంది.

మామయ్య మళ్లీ కుప్పకూలలేదు. ప్రయాణికుల బస్సు నడపడానికి అనుమతి మాత్రం రాలేదు. అందుకు వారం రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాడు. తర్వాత డిపోవాళ్లు కొత్త డ్రైవర్లకు పాఠాలు చెప్పే పని ఇచ్చారు. ఇప్పుడాయన నల్లబల్ల ముందు నిలబడి క్లచ్ గురించి చెబుతూ చెబుతూ గుండె గురించి మొదలుపెడతాడట. పక్కవాడు ఎంత దూరంలో ఉన్నాడో చూసుకోకుండా బండి తియ్యకూడదని తన కణాలకే తెలుసునని చెప్పుకుంటాడట. విద్యార్థులు సగం మంది నమ్మరట.

ఆ పద్ధతి గురించి రాసిన వ్యాసంలో మేడమ్ తన పేరు పక్కనే నిదానం పేరు పెట్టింది. ఆ వారమే లేబుకు ఇంకో రోగి పార్సిలు వచ్చింది. పదకొండేళ్ల పాప చర్మం నుంచి అప్పటికే మార్చిన మూలకణాలు. అవి మామయ్య కణాలకన్నా మెల్లగా పెరుగుతున్నాయి. నాలుగో రోజు సాయంత్రం మేడమ్ వచ్చి, మందు వేద్దామా అని అడిగింది. నిదానం మైక్రోస్కోపులో చూసి, ఇంకా రెండుమూడు చోట్ల ఖాళీ ఉందనీ, రేపు చూద్దామనీ అంది. మేడమ్ సరేనని, ప్లేటు తనే తీసుకెళ్లి వెచ్చటి ఇంక్యుబేటరులో పెట్టి, తలుపు చప్పుడు కాకుండా మూసింది.