వాల్వుకు కట్టిన తడిగుడ్డ

చేపలు నిల్వచేసే ఆ గిడ్డంగిలో, అమ్మోనియాతో చలి పుట్టించే యంత్రాల గదికి ఆమె ఇన్‌చార్జి. అందరూ మేడమ్ అంటారు. ఆ గదిలో పనిచేసే ముగ్గురు ఆపరేటర్లలో ఒకడు ఆమె సొంత తమ్ముడు. ఇంట్లో అక్కా అనేవాడు, గేటు దాటి లోపలికొస్తే మేడమ్ అనేవాడు. మొదట్లో ఆ పిలుపు మారినప్పుడల్లా ఇద్దరికీ నవ్వొచ్చేది.

ఏడాది క్రితం కొత్త డైరెక్టరు వచ్చాడు. రాగానే ఇన్‌చార్జిలందరికీ నాయకత్వం మీద మూడు రోజుల శిక్షణ పెట్టించాడు. పాఠం చెప్పినాయన బోర్డు మీద గళ్ళు గీసి, ఆజ్ఞాపించే నాయకుడు, సలహా అడిగే నాయకుడు, పనిని మనుషులకే వదిలేసే నాయకుడు అని రాశాడు. ఏ పద్ధతైనా సమయాన్ని బట్టి పనికొస్తుందన్నాడు. చివర్లో ముప్పై ప్రశ్నల కాగితం ఇస్తే, ఆమె సలహా అడిగే రకమని తేలింది. అది ఇంట్లో చూపిస్తే తమ్ముడు పడీపడీ నవ్వాడు. టీవీలో ఏం పెట్టాలో కూడా నన్నెప్పుడూ అడగలేదు కదే అన్నాడు.

డైరెక్టరు ఆ శిక్షణలో కూర్చోలేదు. ఆయన పద్ధతి ఆయనది. యంత్రం ఆగిన ప్రతిసారీ ఆయనకు ఒక పేరు కావాలి. ఎందుకు ఆగిందని అడిగేవాడు కాదు, ఎవరివల్ల ఆగిందనే అడిగేవాడు. గొంతు పెంచేవాడు కాదు. పేరు రాసుకుని, కలానికి మూత పెట్టి, ఇక వెళ్లమనేవాడు. మొదటి రెండుసార్లు ఆమె తప్పు తన మీదే వేసుకుంది. మూడోసారి, మీ స్థానంలో ఇంకెవరినైనా చూడమంటారా అని ఆయన ఎంతో మర్యాదగా అడిగాడు. ఆ తర్వాత ఆమె కిందివాళ్ల పేర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకతన్ని ఐసు పలకలు మోసే పనికి మార్చారు. ఇంకొకతను తనే మానేశాడు. వాళ్ల స్థానాల్లోకి కొత్తవాళ్లొచ్చారు.

ఆ భయమే ఆమె చేతుల మీదుగా కిందికి దిగింది. ఎవరైనా "మేడమ్, ఒక్క మాట" అంటే గడియారం వైపు చూసేది. కనబడకుండా పోతున్నాయని గ్యాసు మాస్కులు తన బీరువాలో పెట్టి తాళం వేసింది. నాలుగు నెలలు గడిచినా యంత్రాల గది నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. డైరెక్టరు మెచ్చుకున్నాడు. ఆమెకు మాత్రం అనుమానమొచ్చింది. అంత పాత యంత్రాలు అన్నాళ్లు ఏ పేచీ లేకుండా నడవవు. ఆమె అడుగు చప్పుడు వినగానే లోపల మాటలు ఆగిపోయేవి. ఏమైనా ఉందా అంటే, ఏం లేదు మేడమ్ అని ముగ్గురూ ఒకే గొంతుతో అనేవారు.

ఒక ఉదయం పది గంటలకు గదిలోకి వెళ్లేసరికి ముక్కు చుర్రుమంది. వాసన ఎక్కడిదని అడిగితే, ఏం లేదన్నారు. ఆమె గొట్టాల వెంబడి నడిచి చూసింది. మూలనున్న పెద్ద వాల్వు మెడకు ఒక తడిగుడ్డ గట్టిగా చుట్టి ఉంది. కింద బకెట్లో నీళ్లు, ఇంకో నాలుగు గుడ్డలు. కారే అమ్మోనియాను నీళ్లు పీల్చుకుంటాయి. వాసన బయటికి పొక్కకుండా వంతులవారీగా గుడ్డలు మారుస్తున్నారన్నమాట.

"ఎన్నాళ్లుగా?" అంది.

తమ్ముడు నేల చూస్తూ చెప్పాడు. "పదకొండు రోజులు."

ఆ పదకొండు రోజులూ వాడూ తనూ ఒకే బల్ల దగ్గర భోంచేశారు.

"నాకు ఇంట్లోనైనా చెప్పొచ్చుగా?"

"రెండుసార్లు నీ గది దాకా వచ్చాను. ఇంట్లో కూడా నువ్వు మేడమ్‌లాగే ఉంటున్నావు."

గోడకు అవతల హాల్లో ఇరవై ఇద్దరు ఆడవాళ్లు చేపలు పెట్టెలకెత్తుతున్నారు. ఆమె డైరెక్టరుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. నాలుగింటికి లారీలొస్తాయి, అప్పటిదాకా నడపమన్నాడు. ఆపితే ఎవరి పేరు రాసుకోవాలో కూడా చెప్పమన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆమె వేలు యంత్రాలు ఆపే ఎర్ర బటన్ మీద ఆగింది. ఇప్పుడు కూడా తను ఆయనకేం చెప్పాలా అనే ఆలోచిస్తోందని తెలిసింది. నొక్కేసింది.

పక్క హాల్లోకి పరుగెత్తి అందరినీ బయటికి పొమ్మంది. ఒక్కరూ కదల్లేదు. బల్ల వదిలి లేస్తే పేరు రాస్తారని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు ఆమె అరిచింది.

"ఎవరి పేరూ రాయను, లేవండి!"

కుర్చీలు పడిపోతున్న చప్పుడులోనే గోడ అవతల బుస్సుమంది. యంత్రం ఆగినా గొట్టాల్లో ఒత్తిడి ఉంటుంది. కారడం ఆపుదామని తమ్ముడు వాల్వు తిప్పబోయాడు, అది మెడ దగ్గర ఊడిపోయింది. గుమ్మంలోంచి తెల్లటి పొగ వస్తోంది. ఇద్దరు ఆపరేటర్లు దగ్గుతూ బయటపడ్డారు. మూడోవాడు రాలేదు. ఆమె బీరువా దగ్గరికి పరుగెత్తింది. తాళంచెవి ఎంతకీ కన్నంలోకి దూరలేదు. తాళం వేసింది తనే కదా అన్న మాట ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. చివరికి మాస్కు తగిలించుకుని, నేల తడుముకుంటూ వెళ్లి, చేతికి దొరికిన చొక్కా పట్టుకుని తమ్ముణ్ణి ఈడ్చుకొచ్చింది.

మిగతావాళ్లకు ఏమీ కాలేదు. తమ్ముడు మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. చూపు నిలిచింది గాని, గొంతు జీరగానే ఉండిపోయింది. మంచం పక్కన కూర్చున్న తల్లి ఆమెను తిట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"వాడికి నువ్వంటే భయమెందుకే?"



విచారణలో ఆమె ఫోన్ సంగతితో సహా ఉన్నదున్నట్టు చెప్పింది. తను ఇచ్చిన పేర్ల సంగతీ చెప్పింది. డైరెక్టరును వేరే చోటికి పంపించారు. ఆమెకు హెచ్చరిక కాగితం ఇచ్చి అదే కుర్చీలో ఉంచారు. ఆయన వెళ్లిపోతే భయం కూడా వెళ్లిపోతుందనుకుంది. వెళ్లలేదు. మాస్కులు గోడకు తగిలించినా, రోజూ అడిగినా, అంతా బాగానే ఉందనే అన్నారు. ఆ మాట ఆమె నమ్మలేకపోయేది. రోజుకు మూడుసార్లు తనే గొట్టాలు వాసన చూసుకుంటూ తిరిగేది.

రెండు నెలల తర్వాత, పెట్టెలకెత్తే హాల్లోంచి ఒక పెద్దావిడ ఆమె గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. ధైర్యానికి ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకొచ్చింది. హాలు వెనక తలుపు రెండేళ్లుగా తెరుచుకోవడం లేదని, ఆ రోజు అందరూ ఒక్క తలుపులోంచే తోసుకుంటూ బయటపడ్డారని చెప్పింది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్న మాట కోపంగా ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. కుర్చీ లాగి పెద్దావిడ ముందు వేసింది.

"ఇంకా ఏమేం ఉన్నాయో చెప్పండమ్మా."

పెద్దావిడ వెనక్కి తిరిగి ఆ ముగ్గురి మొహాలు చూసింది. ఇంకా అనుమానంగానే, కుర్చీ అంచు మీద కూర్చుంది.