మెట్లు జారిన వీణ

నేను ఒక బొబ్బిలి వీణను. నా మెట్ల మధ్య పేరుకున్న దుమ్మును వరూధిని పాత పంచె ముక్కతో తుడుస్తోంది. డెబ్బై దాటాక వాయించడం మానేసింది గానీ, తుడవడం మానలేదు.

నన్ను ఒకే పనస దుంగలోంచి తొలిచి, ఇత్తడి మెట్లను మైనం మీద నిలబెట్టారు. వేడి తగిలితే మైనం మెత్తబడుతుంది, మెట్లు జారతాయి, స్వరం చెడుతుంది. వీణ ఉన్న ఇంట్లో చిన్నపిల్లలకైనా ఈ సంగతి తెలుసు. విక్టర్‌కు తెలియదు.

వరూధిని వయసులో ఉన్నప్పటి మాట ఇది. విక్టర్ వాల్తేరు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన గిటారు కళాకారుడు. 'ఊదారంగు సముద్రం' అనే, మత్తులో తేలుతున్నట్టుండే సైకడెలిక్ రాక్ పాటల రికార్డు కోసం వరూధినిని మద్రాసు తీసుకెళ్ళాడు. అట్ట మీద పేరు వేస్తానన్నాడు. తాను నేర్చిన శుద్ధమైన వీణను లోకం వింటుందని ఆమె మురిసిపోయింది.

మే నెల. చప్పుడు పడుతుందని స్టూడియోలో ఫ్యాను ఆపేశారు. పాటకు మత్తు రావాలంటూ నా పక్కనే రంగు దీపాలు పెట్టారు. పాట సగంలో మైనం మెత్తబడింది. గాంధారం వంకరపోయింది.

"ఆపండి విక్టర్ గారూ! మెట్లు జారాయి. సరిచేయించుకుని రేపు వాయిస్తాను."

"అయ్యో, అదే కదండీ కిక్కు! ఏం గమకమండీ అది!"

"గమకం కాదండీ, అపస్వరం."

"ఎవడికి తెలుస్తుందండీ?"

"నాకు తెలుస్తుంది. అదే ఉంచితే నా పేరు వేయకండి."

అతను అదే ఉంచాడు. పేరు మాత్రం వేయలేదు.

అప్పట్లో ఆ రికార్డును ఎవరూ కొనలేదు. చాలా ఏళ్ళకు విదేశాల్లో ఎవరికో దొరికి, గొప్పదైపోయింది. ఆ వీణ సంగీతపు హద్దులు చెరిపేసిందని వ్యాసాలు రాశారు. మనుషులు అర్థంకాని తప్పుకు పెద్ద పేరు పెడతారు. సభల్లో వరూధిని శుద్ధంగా వాయించిన కల్యాణి రాగాన్ని మాత్రం ఒక్కరూ రికార్డు చేయలేదు.

ఇంతలో ఆమె మేనల్లుడు దివాకరం కొత్తగా అచ్చయిన ఆ రికార్డు పట్టుకుని వచ్చాడు.

"అత్తా, అట్ట మీద నీ పేరు! నీ పాత ఉత్తరాల్లో చూసి నేనే చెప్పేను కంపెనీవాళ్ళకి. ఇన్నాళ్ళూ ఎందుకు దాచేవు?"

ఆమె పంచె ముక్క పక్కన పెట్టింది.

"హైదరాబాదులో సభ పెడతారట. నువ్వు మళ్ళీ అలాగే వాయించాలట, వంకరగా."

"సరిగ్గా వాయిస్తానురా. వింటారా?"

"అదెవరిక్కావాలత్తా!" అని నవ్వి, రికార్డు పెట్టాడు.

నా వంకర గాంధారం ఇల్లంతా నిండింది. దివాకరం సౌండు పెంచడానికి వంగాడు. వరూధిని చెప్పులు తొడుక్కుని ఇంట్లోంచి వెళ్ళిపోయింది.