మూడో వరుస సీటు

వాళ్లు మా షోరూమ్‌కి రావడం అది మూడోసారి. టైల్స్ వ్యాపారం చేసే సార్, మేడమ్, కాలేజీలో చదివే కూతురు, ఇంకా మీసం రాని కొడుకు, సార్ వాళ్ల అక్క. రాగానే సార్ అలవాటుగా పెద్ద బండి టైరును బూటుతో రెండు తన్నులు తన్నాడు. టైరును తంతే ఏం తెలుస్తుందో ఈ ఉద్యోగంలో చేరిన రెండేళ్లలో నాకెవరూ చెప్పలేదు. తన్నేవాళ్లకీ తెలియదనుకుంటాను. తన్నాక మాత్రం అందరూ తల పంకిస్తారు.

సార్‌కి సెడాన్ కావాలి. నల్లగా, పొడవుగా, నేలకు అంటుకున్నట్టుండే ఆ కారులో వెనక రెండే సీట్లు. వాటి మధ్య చిన్న తెర, బోలెడు మీటలు ఉన్న చేతిబల్ల. సార్ బావమరిది అలాంటిదే కొన్నాడట, కాకపోతే ఒక సైజు చిన్నది. ఆ ఒక్క సైజు కోసం సార్‌కి మూడు వారాలుగా అన్నం సయిస్తున్నట్టు లేదు.

మేడమ్‌కి ఏడుగురు పట్టే ఎత్తు బండి కావాలి. అందులో కూర్చుంటే పక్క కార్లవాళ్లు తలెత్తి చూస్తారు. పైకి చెప్పే కారణం మాత్రం వేరే.

"అంత కిందికున్న కారులో వదిన ఎలా ఎక్కి దిగుతుందండీ? పాపం, మోకాళ్లు అరిగిపోయాయి."

ఆ మోకాళ్లు మేడమ్‌కి బండి మాట వచ్చినప్పుడే గుర్తొచ్చేవి. మొదటిరోజు సార్ వాళ్ల అక్క గంటసేపు నిలబడే ఉంది. చివరికి కుర్చీ తెచ్చి వేసింది మా ఊడ్చే మనిషి.

ఆ రోజే ఫారంలో 'ఇంట్లో ఎంతమంది' అన్న గడిలో సార్ నాలుగు అని రాశాడు. మేడమ్ కొట్టేసి ఐదు చేసింది. సార్ మళ్లీ నాలుగు చేశాడు. ఆ ఐదో మనిషి పక్కనే కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, తన మీద జరుగుతున్న కొట్టివేతలు చూస్తూ ఉంది.

తర్వాత ఆవిడే నాతో చెప్పింది. "వచ్చే నెల మా పిల్లకి కాలేజీలో పట్టా ఇస్తారమ్మా. పుట్టిన పదోరోజు నుంచీ నా పక్కలోనే పెరిగింది. నేను చూడొద్దూ? కారులో పొద్దంతా ప్రయాణమట. దూరమెక్కడికెళ్లినా సీటు ఇరుకని నన్ను ఇంటికి కాపలా పెట్టి పోతారు. ఈసారి పెద్ద బండి కొంటే తీసుకెళ్తామన్నారు."

అంచేత ఆ షోరూమ్‌లో పెద్ద బండి నిజంగా అవసరమైన మనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడని అడిగినవాళ్లు లేరు.

మూడోసారి వచ్చినప్పుడు పెద్ద బండిని నడిపి చూస్తామన్నారు. సార్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నియమం ప్రకారం నేను ఆయన పక్కన. మధ్య వరుసలో మేడమ్, పిల్లలు.

"అక్కా, నువ్వు చివరికి పో. సన్నగా ఉన్నావు," అన్నాడు సార్.

"వెనకే హాయిగా ఉంటుంది వదినా, ఏసీ ముందు అక్కడికే తగులుతుంది," అంది మేడమ్, మోకాళ్ల కోసం అంత పోరాడిన మనిషి.

నేను దిగి మధ్య సీటు మడిచాను. ఆవిడ దాదాపు పాక్కుంటూ వెళ్లి కూర్చుంది. మోకాళ్లు గడ్డానికి వచ్చాయి. దారిలో ప్రతి స్పీడ్‌బ్రేకరుకీ వెనకనుంచి ఆవిడ తల పైకప్పుకు తగిలిన చప్పుడు వినిపించింది. ఎవరూ వెనక్కి తిరగలేదు.

"నాన్నా, ఇది స్కూలు బస్సులా ఉంది. నా ఫ్రెండ్స్ నవ్వి చస్తారు," అన్నాడు కొడుకు.

తిరిగొచ్చాక సార్ బండిని గీతల మధ్య నిలపలేక మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఊగించాడు. చివరికి మా డ్రైవరు వచ్చి ఒక్క తిప్పులో నిలిపాడు. సార్ ముఖం మాడిపోయింది. పెద్ద బండి కథ అక్కడే ముగిసిందని నాకు అర్థమైంది. మేడమ్, పిల్లలు దిగారు. నలుగురూ వాదించుకుంటూ హాల్లోకి నడిచారు.

నేను మీట ఎత్తి, సీటు మడిచి, ఆవిడకి చెయ్యి అందించాను. ఆవిడ అందుకోలేదు.

"ఉండమ్మా. నన్నెప్పుడు వెతుక్కుంటారో చూద్దాం."

"ఉక్కపోస్తుందండీ."

"తలుపు తెరిచి ఉంచు, చాలు. నువ్వు పో, నీ పని చూసుకో. వాళ్లకి చెప్పకు సుమా."

మంచినీళ్ల సీసా ఇచ్చి లోపలికి వెళ్లాను.

"ఏడు సీట్లు ఏం చేసుకుంటామే? మనం ఉన్నదెంత, నలుగురం," అంటున్నాడు సార్. వేళ్ల మీద లెక్కపెట్టాడు, ముందు తనతోనే మొదలుపెట్టి.

"మరి వదిన మోకా..."

"అదలా ఉంచు. ఇక్కడ కూర్చో. ఈ సీటు వీపు మర్దన చేస్తుంది. మీ తమ్ముడి కారులో ఇది లేదు."

మేడమ్ సెడాన్‌లో కూర్చుని మీట నొక్కింది. రెండు నిమిషాలు కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచేసరికి వదినగారి మోకాళ్లు మాయమయ్యాయి.

"సరేలెండి. అయినా వదినకి ప్రయాణాలు పడవు."

"అత్త వస్తానంది కదమ్మా?" అంది కూతురు, ఫోనులోంచి తలెత్తకుండా.

"వచ్చాక వీడియో చూపిద్దాంలే."

"ఊఁ," అంది కూతురు. పుట్టిన పదోరోజు నుంచీ పక్కలో పడుకోబెట్టుకున్నందుకు ఆవిడకి దక్కింది ఆ 'ఊఁ'.

సెడాన్‌కి బయానా కట్టగానే మా మేనేజరు ఫోటోల కోసం అట్టతో చేసిన మూరెడు తాళంచెవి తెచ్చి సార్ చేతిలో పెట్టాడు. "అందరూ ఉన్నారా సార్, ఫోటో తీయమంటారా?"

"అందరం ఉన్నాం. కొట్టు."

అద్దంలోంచి చూశాను. బయట పెద్ద బండి చివరి కిటికీలో తెల్లజుట్టు కదలకుండా ఉంది. ఫోటోలో నలుగురూ పళ్లు బాగా కనిపించేలా నవ్వారు. తమ పాత కారెక్కి వెళ్లిపోయారు.

ముప్పావుగంట తర్వాత ఫోను వచ్చింది.

"అమ్మాయ్, మా ఇంటి తాళాల గుత్తి అక్కడుందా? మా అక్క సంచీలో ఉంటుంది," అన్నాడు సార్. కాస్త ఆగి, "అక్క అక్కడే ఉందా?" అన్నాడు.

వెళ్లి చెప్పాను. "తాళాలు అడిగాడా, నన్నడిగాడా?" అంది ఆవిడ. నేను మళ్లీ చెయ్యి అందించాను. నవ్వి, ఈసారి నా చెయ్యి పట్టుకుని దిగింది.

వాళ్లు వచ్చారు. సార్ దిగుతూనే అరిచాడు. "చెప్పొద్దా అక్కా? గేటు ముందు ఎండలో మాడిపోయాం!"

ఆవిడ సంచీలోంచి గుత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది. "పసుపు దారం కట్టింది గేటుది. వెనక తలుపుది మొండికేస్తుంది, కొంచెం పైకెత్తి తిప్పాలి."

"అవన్నీ నాకెందుకు? నువ్వుంటావుగా."

"వచ్చే నెల ఉండనురా. పిల్ల పట్టా చూడ్డానికి పోతున్నా. బస్సులో."

"అయితే ఇల్లెవరు చూస్తారు?"

"అయ్యో, మోకాళ్లు వదినా!" అంది మేడమ్ కారులోంచి. అవి మళ్లీ గుర్తొచ్చాయి.

"ఈ వెనక సీట్లో ఇంతసేపు కూర్చున్నాక నాకిక ఏ బస్సైనా పరుపేనమ్మా."

కూతురు కిటికీ అద్దం సగం దించింది. పక్క సీటు మీదున్న తన సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "రా అత్తా," అంది చిన్నగా.

"నువ్వు పద తల్లీ. అక్కడ వేదిక మీద నుంచి చూడు, కనిపిస్తాను," అంది ఆవిడ. బస్సు టికెట్లు ముందుగా ఇచ్చే చోటు ఎక్కడని నన్నడిగింది. రెండు వీధుల అవతలే అన్నాను. ఒక్కో అడుగూ చూసుకుని వేస్తూ గేటు దాటింది.

సార్ గుత్తిని అటూ ఇటూ తిప్పి నా ముందు చాచాడు.

"గేటుది ఏదంది?"

పసుపు దారం ఉన్నది అని చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.